భూమ్మీద నూకలు మిగిలిన డాక్టరు

"స్వయంగా డాక్టరే చెప్పాడండీ, అదీ మెదడు డాక్టరు" అనే మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే చచ్చాక ఇంకేదైనా ఉందా అన్న ఈ చర్చంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. చావు అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చి, వెలుగు చూశాం, పోయినవాళ్ళని చూశాం, నీకింకా టైమ్ రాలేదు పొమ్మన్నారు అని చెప్పేవాళ్ళు ఏ కాలంలోనైనా ఉన్నారు. మామూలు మనిషి చెబితే విన్నవాళ్ళలో కొందరు దణ్ణం పెడతారు, కొందరు జ్వరం తలకెక్కింది పాపం అని జాలిపడతారు, అంతటితో సరి. అదే మాట పుర్రె తెరిచి మెదడుకి ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్ చెబితే జాలిపడటం కుదరదు. ఆయనకి తెలియనిదా అనిపిస్తుంది. నేను రాయబోయేది ఆ "ఆయనకి తెలియనిదా" గురించే.

ఆయన పేరు ఎబెన్ అలెగ్జాండర్. అమెరికన్. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, తర్వాత వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో స్థిరపడ్డాడు. 2008 నవంబర్ 10న, 54 ఏళ్ళ వయసులో, ఇంకా తెల్లారకముందే నడుం నొప్పితో మెలకువొచ్చింది. కాసేపటికి భరించలేని తలనొప్పి, ఆపైన ఫిట్స్. ఆస్పత్రికి తీసుకెళ్ళాక తేలిందేమిటంటే బాక్టీరియల్ మెనింజైటిస్, అంటే మెదడునీ వెన్నుపామునీ కప్పి ఉంచే పొరలకి ఇన్‌ఫెక్షన్, అదీ ఇ. కోలై అనే బాక్టీరియాతో. మన పేగుల్లో మామూలుగా బతికే ఈ సూక్ష్మజీవి అప్పుడే పుట్టిన పిల్లల్లో అయితే మెదడు పొరల దాకా పాకుతుందిగానీ, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో అది చాలా అరుదు. వెన్నులోంచి తీసిన ద్రవంలో డెసిలీటరుకి 50 మిల్లీగ్రాముల పైన ఉండాల్సిన చక్కెర 1కి పడిపోయింది, అంటే లోపల ఇన్‌ఫెక్షన్ ఎంత దారుణంగా ఉందో ఊహించుకోవచ్చు. వారం రోజులు కోమా, వెంటిలేటరు. ఇక ఆశ పెట్టుకోవద్దని ఇంట్లోవాళ్ళకి చెప్పే దశకి వచ్చేశారు. ఏడో రోజు కళ్ళు తెరిచాడు. కొన్ని నెలల్లో పూర్తిగా కోలుకున్నాడు కూడా. భూమ్మీద నూకలుండటం అంటే ఇదే.

ఆ వారంలో తను ఎక్కడికి వెళ్ళొచ్చాడో ఆయన తర్వాత చెప్పాడు. మొదట ఒక మురికి చీకటి, మట్టిలో వానపాము ఉన్నట్టు, ఎక్కడో లోతుల్లోంచి దడదడమని ఆగని చప్పుడు, తనెవరో తనకే గుర్తులేని స్థితి. ఆ చీకట్లోకి గుండ్రంగా తిరుగుతూ ఒక వెలుగు, దాంతోపాటు సంగీతం. వెలుగులోంచి దూరి వెళ్తే పచ్చటి లోయ, మనుషులు, నీళ్ళు, పక్కన సీతాకోకచిలుక రెక్క మీద తనతోపాటు ప్రయాణిస్తున్న ఒక నీలికళ్ళ అమ్మాయి. ఆమె నోరు తెరవకుండానే చెప్పిందట, నిన్ను ప్రేమించేవాళ్ళున్నారు, నువ్వు భయపడాల్సింది ఏదీ లేదు అని. ఇంకా పైకి వెళ్తే అంతులేని చీకటి, కానీ వెలుగుతో నిండిన చీకటి, అందులో దైవం అని తను పిలిచేది. 2012లో ఇదంతా పుస్తకంగా వచ్చింది, ఆ అక్టోబర్‌లో న్యూస్‌వీక్ పత్రిక ముఖచిత్ర కథనంగా వేసింది, పుస్తకం లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

ఇక్కడ మనం సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. మూడు వేరువేరు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టేసి, నమ్ముతావా నమ్మవా అని అడుగుతాం. ఆయనకి ఆ అనుభవం కలిగిందా అన్నది ఒకటి. కలిగితే అది ఏ టైమ్‌లో, మెదడు ఏ స్థితిలో ఉండగా కలిగింది అన్నది రెండోది. చచ్చాక ఏదైనా ఉందా అన్నది మూడోది. మొదటిదానికి నేను వెంటనే అవునంటాను, ఆయన అబద్ధం చెబుతున్నాడని అనుకోవడానికి నాకు కారణం కనపడలేదు. మూడోదాన్ని నచికేతుడు సాక్షాత్తూ యముణ్ణే అడిగితే ఆయనంతటివాడే, దేవతలకే సందేహమున్న విషయం ఇది, వేరే ఏదైనా వరం కోరుకో అని తప్పించుకోబోయాడు, మనమెంత. అసలు రచ్చంతా రెండోదాంట్లో ఉంది, విచిత్రం ఏమిటంటే జనం పెద్దగా పట్టించుకోనిదీ అదే.

అలెగ్జాండర్ వాదన తీరు చూడండి. ఆలోచన, చూపు, భాష, ఇవన్నీ మెదడు పైపొర అయిన కార్టెక్స్ పని అని డాక్టర్లు అంటారు. నా కార్టెక్స్ ఆ వారమంతా పూర్తిగా ఆగిపోయి ఉంది. అయినా నేను జీవితంలో ఎన్నడూ చూడనంత స్పష్టంగా ఒక లోకాన్ని చూశాను. కాబట్టి చైతన్యానికి మెదడు అక్కర్లేదు, శరీరం పోయినా అది పోదు. వినడానికి గొలుసు గట్టిగానే ఉంది. కానీ గొలుసు బలం దాని అన్నిటికన్నా బలహీనమైన కొక్కెం దగ్గర తెలుస్తుంది, ఆ కొక్కెం "పూర్తిగా ఆగిపోయి ఉంది" అన్న మాట.

ఆగిపోయిందని ఎలా తెలిసింది? ఆయన చూపించిన ఆధారాలు సీటీ స్కాన్లు, డాక్టర్లు చేసిన నరాల పరీక్షలు. సామ్ హారిస్ అనే న్యూరోసైన్స్ చదివిన రచయిత వెంటనే పట్టుకున్న పాయింటు ఇదే: సీటీ స్కాన్ మెదడు ఆకారాన్ని చూపిస్తుందిగానీ అది పనిచేస్తోందో లేదో చూపించదు. ఇంటిని బయటనుంచి ఫోటో తీసి లోపల కరెంటు ఉందో లేదో చెప్పడం లాంటిది. గోడ పగిలిందో, పైకప్పు ఉబ్బిందో తెలుస్తుంది, ఫ్యాన్ తిరుగుతోందో లేదో తెలియదు. కరెంటు సంగతి చూడాలంటే మెదడు తరంగాలని నమోదుచేసే ఈఈజీ, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే పెట్ (PET) స్కాన్ లాంటివి కావాలి. నాకైతే ఇది బలమైన అభ్యంతరమే, కానీ నిజాయితీగా చెప్పుకోవాలంటే ఇది "ఆగలేదు" అని రుజువు చేయదు, "ఆగిందని నువ్వు రుజువు చేయలేదు" అని మాత్రమే అంటుంది.

దీన్నిమించిన చిక్కు ఇంకొకటుంది, అది టైమ్. ఒక్క నిమిషం మీ కలల గురించి ఆలోచించండి. పొద్దున అలారం మోగుతుంది, మీరు స్నూజ్ నొక్కి కళ్ళు మూస్తారు, ఆ తర్వాత ప్రయాణానికి సామాను సర్ది, స్టేషన్‌కి వెళ్ళి, ఎవరితోనో పోట్లాడి, పరీక్ష రాసి, ఫెయిలై ఉలిక్కిపడి లేస్తారు, చూస్తే పట్టుమని తొమ్మిది నిమిషాలు కాలేదు. కలలో గడిచిన కాలానికీ గోడ గడియారానికీ లెక్క కుదరదు, జ్ఞాపకం మీద తేదీ ముద్ర ఉండదు. కోమాలోంచి లేచిన మనిషి "నేను వారం రోజులు అక్కడున్నాను" అంటే, ఆ వారం అనేది ఆయన గుర్తుపెట్టుకున్నది కాదు, లేచాక ఇతరులు చెబితే లెక్కేసుకున్నది. ఆలివర్ శాక్స్ అనే ప్రసిద్ధ న్యూరాలజిస్టు 2012లోనే ఈ మాట రాశాడు, అలెగ్జాండర్ అనుభవం కోమా మధ్యలో కాదు, కోమాలోంచి బయటికొస్తూ కార్టెక్స్ తిరిగి పుంజుకునే వేళ కలిగి ఉంటుందని.

దీనికి అలెగ్జాండర్ దగ్గర ఒక జవాబుంది. ప్రయాణం చివర్లో తనకి కొన్ని మొహాలు కనిపించాయని, అవి ఆఖరి రోజుల్లో తన మంచం చుట్టూ ఉన్నవాళ్ళవని, కాబట్టి మిగతాదంతా అంతకుముందే జరిగి ఉండాలని. తెలివైన జవాబే. కానీ ఇది ఆయన మెడకే చుట్టుకుంటుందని నాకనిపిస్తుంది: మంచం పక్కనున్న మొహాలు లోపలికి చేరాయంటే అప్పటికి మెదడు ఎంతోకొంత పనిచేస్తున్నట్టే కదా, మరి మిగతా కథ కూడా ఆ కాస్త తెరిచిన సందులోనే నడవలేదని ఎలా చెప్పగలం? కథలో ముందొచ్చింది గడియారంలోనూ ముందే రావాలని లేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మేనమామ ఒకసారి ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌తో మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. పైపు తీసేశాక, గొంతు ఇంకా బొంగురుగా ఉండగానే ఆయన అడిగిన మొదటి మాట, "రైలు ఎప్పుడు దిగాంరా?" అని. తన మంచాన్ని రైల్లో ఎక్కించారట, రాత్రంతా ప్రయాణమట, నర్సు వచ్చి టికెట్ ఇస్తే చొక్కా జేబులో పెట్టుకున్నాడట. కిటికీ సందులోంచి వచ్చే చల్లగాలి, పట్టాల చప్పుడు, ఎదుటి బెర్తు మీద నిద్రపోతున్న ముసలాయన ముక్కు మీదున్న మచ్చ దాకా చెప్పాడు. రిటైర్డ్ లెక్కల మాస్టారాయన, ఏదీ ఊరికే నమ్మే రకం కాదు. "మామయ్యా, నువ్వు ఐసీయూలోంచి అంగుళం కదల్లేదు" అంటే తలూపాడు, మళ్ళీ అయిదు నిమిషాలకి, "నువ్వు చెప్పింది నిజమేగానీ రైలు మాత్రం నిజంరా" అన్నాడు.

డాక్టర్లకి ఇది కొత్తేమీ కాదు, ఐసీయూ డెలీరియం అంటారు. వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవాళ్ళలో చాలామందికి ఏదో ఒక స్థాయిలో వస్తుంది. అలెగ్జాండర్‌కీ వచ్చింది, ఆ సంగతి ఆయనే రాశాడు. మెలకువొచ్చిన తర్వాత కొన్ని రోజులు భార్యా పోలీసులూ తనని వెంటాడుతున్నట్టు భయంకరమైన భ్రమలు వచ్చాయని. అవి భ్రమలని ఆయనే ఒప్పుకుంటాడు, సీతాకోకచిలుక లోయ మాత్రం భ్రమ కాదంటాడు, ఎందుకంటే అది నిజంకన్నా నిజంగా ఉందట. ఒకే మెదడు, ఒకే జబ్బు, కొద్ది రోజుల తేడాలో రెండు అనుభవాలు, ఒకదాన్ని జబ్బు ఖాతాలో వేసి రెండోదాన్ని స్వర్గం ఖాతాలో వేయడానికి ఉన్న ఆధారం అల్లా ఆ "నిజంకన్నా నిజం" అన్న ఫీలింగే. బెల్జియంలోని లీజ్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో ఈ ఫీలింగ్‌నే కొలిచి చూశారు. ఇలాంటి అనుభవం వచ్చినవాళ్ళ జ్ఞాపకాల్లో, పెళ్ళి, పిల్లలు పుట్టడం లాంటి నిజంగా జరిగిన ముఖ్యమైన సంఘటనల జ్ఞాపకాలకన్నా ఎక్కువ వివరాలు, ఎక్కువ ఉద్వేగం ఉన్నాయని తేలింది. అంటే ఆయన అతిశయోక్తి చెప్పడం లేదు, ఆ జ్ఞాపకం నిజంగానే అంత గాఢంగా పడుతుంది. గాఢంగా పడింది కాబట్టి బయట జరిగిందే అని మాత్రం అనలేం.

ఆ నీలికళ్ళ అమ్మాయి సంగతి దాటవేయకూడదు, ఎందుకంటే చదివినవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచేది అక్కడే. అలెగ్జాండర్ దత్తపుత్రుడు. కన్నవాళ్ళ కుటుంబంతో చాలా ఆలస్యంగా పరిచయమైంది, అప్పటికే ఒక చెల్లెలు చనిపోయింది, ఆమెని ఎన్నడూ చూడలేదు. కోమా నుంచి లేచిన కొన్ని నెలలకి ఆమె ఫోటో చేతికొచ్చింది. రెక్క మీదున్న అమ్మాయి ఈమే అని గుర్తుపట్టాడు. నేనూ మొదటిసారి చదివినప్పుడు కాసేపు అలా కూర్చుండిపోయాను. తర్వాత అనిపించిందేమిటంటే, ఫోటో రాకముందే ఆ మొహాన్ని ఎవరిచేతనైనా బొమ్మ గీయించి పెట్టి ఉంటే కథ వేరు. కలలో చూసిన మొహం మసకగా ఉంటుంది, తర్వాత చూసిన ఫోటో ఆ మసకని నింపేస్తుంది, నింపిందని మనకి తెలియను కూడా తెలియదు. పోలీసు కేసుల్లో సాక్షులు ఫోటో చూశాక "వీడే" అని ఒట్టేసి చెప్పి, తర్వాత తప్పని తేలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళెవరూ అబద్ధాలకోరులు కాదు.

2013లో ఎస్క్వైర్ పత్రిక ఒక పెద్ద కథనం వేసింది. అందులో అలెగ్జాండర్‌కి చికిత్స చేసిన డాక్టరు ఒకరు, కోమా మందులిచ్చి తెప్పించిందని, మందు తగ్గించినప్పుడు ఆయన కదిలేవాడని, స్పృహ ఉండేదిగానీ అయోమయంలో, భ్రమల్లో ఉండేవాడని చెప్పినట్టు రాశారు. దీంతో చాలామంది, అయిపోయింది, బండారం బయటపడింది అని తేల్చేశారు. అయితే 2018లో ముగ్గురు డాక్టర్లు ఆయన ఆస్పత్రి రికార్డులు, 600 పేజీలకి పైగా, తిరగేసి ఒక వైద్య పత్రికలో రాసిందేమిటంటే, జబ్బు నిజంగానే మెదడుని అంతలా దెబ్బతీసిందని, కోమా జబ్బు వల్లే వచ్చిందని. ఆ ముగ్గురిలో ఒకరైన బ్రూస్ గ్రేసన్ ఈ అనుభవాల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న సైకియాట్రిస్టు, వాటిని ఊరికే కొట్టిపారేయొద్దనే వైపు మనిషి, కాబట్టి ఆ పేపర్ని కూడా ఆ తెలివిడితోనే చదవాలి. నా దృష్టిలో ఈ పోట్లాటలో ఎవరు గెలిచినా టైమ్ ప్రశ్న అలాగే ఉంటుంది. కోమా ఎంత లోతైనదైనా, అందులోకి దిగే మెట్టూ ఉంటుంది, పైకొచ్చే మెట్టూ ఉంటుంది.

ఒక్క డాక్టరుని వదిలేసి కాస్త దూరంగా జరిగి చూద్దాం. నియర్ డెత్ ఎక్స్‌పీరియన్స్, అంటే చావు అంచు అనుభవం, అనే పేరుని జనంలోకి తెచ్చింది రేమండ్ మూడీ అనే అమెరికన్ రచయిత, 1975లో. అంతకు చాలా ముందే, 1892లో, ఆల్బర్ట్ హైమ్ అనే స్విస్ భూగర్భ శాస్త్రవేత్త ఆల్ప్స్ కొండల మీంచి జారిపడి బతికినవాళ్ళ అనుభవాలు పోగేశాడు. ఆయనా పడినవాడే. పడుతున్న ఆ కొద్ది సెకన్లలో కాలం సాగిపోవడం, భయం లేకపోవడం, జీవితమంతా కళ్ళముందు తిరగడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. గమనించాల్సింది ఏమిటంటే, గాల్లో పడుతున్న మనిషి గుండె ఆగలేదు, మెదడుకి రక్తం తగ్గలేదు. చచ్చిపోతున్నాననుకున్నాడు, అంతే. 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి అనుభవం చెప్పిన 58 మంది రికార్డులు పరిశీలిస్తే అందులో 30 మంది అసలు ప్రాణాపాయంలోనే లేరు. చావుకి దగ్గరగా వెళ్ళకుండానే చావు అంచు అనుభవం! పేరు పెట్టడంలోనే తొందరపడ్డారేమో అనిపిస్తుంది నాకు.

గుండె నిజంగా ఆగినవాళ్ళ సంగతి చూస్తే, నెదర్లాండ్స్‌కి చెందిన కార్డియాలజిస్టు పిమ్ వాన్ లొమ్మెల్ 2001లో పది ఆస్పత్రుల్లో గుండె ఆగి బతికిన 344 మందితో మాట్లాడి ఫలితాలు ప్రకటించాడు. 62 మందికి, అంటే 18 శాతానికి, ఇలాంటి అనుభవం ఉంది. మిగతా 82 శాతానికి ఏమీ గుర్తులేదు. ఆయన వేసిన ప్రశ్న: ఆక్సిజన్ తగ్గడమే కారణమైతే అందరికీ రావాలి కదా, 18 శాతానికే ఎందుకొచ్చింది? మంచి ప్రశ్న. కానీ ఈ కత్తికి రెండు వైపులా పదునుంది. శరీరం విడిచి ఆత్మ బయటికి పోవడమే కారణమైతే కూడా అందరికీ రావాలి కదా, 82 శాతం మంది ఆత్మలు ఎక్కడికి పోయినట్టు? రెండు పక్షాలూ తమకి పనికొచ్చే సగాన్నే చదువుతాయి.

పరీక్ష పెట్టి తేల్చేద్దామని సామ్ పార్నియా అనే డాక్టరు ఒక ఉపాయం పన్నాడు, నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చింది ఇదే. పైకప్పు దగ్గర తేలుతూ నా శరీరాన్ని నేనే చూసుకున్నానని చాలామంది చెబుతారు కదా, అయితే ఆస్పత్రి గదుల్లో ఎత్తున అరలు బిగించి, వాటి మీద పైనుంచి చూస్తే తప్ప కనిపించని బొమ్మలు పెట్టారు. ఎవరైనా నిజంగా పైకి తేలితే బొమ్మ ఏమిటో చెబుతారు, లెక్క తేలిపోతుంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియాల్లో 15 ఆస్పత్రులు, 2060 గుండె ఆగిన కేసులు. 2014లో ఫలితాలొచ్చాయి. బతికింది 330 మంది, మాట్లాడగలిగింది 140 మందితో. అందులో ఇద్దరే తమకి జరిగిన చికిత్సని చూశామన్నారు. అరలు పెట్టిన గదుల్లో ఆ ఇద్దరూ లేరు. అంత కష్టపడి వల వేస్తే చేప పక్క చెరువులో ఎగిరినట్టయింది. ఆ ఇద్దర్లో ఒకాయన, 57 ఏళ్ళ మనిషి, గది మూలనుంచి చూశానని, నీలం టోపీ పెట్టుకున్న బట్టతల ఆయన తన మీద వంగి ఉన్నాడని, గుండెకి షాకిచ్చే యంత్రం రెండుసార్లు పలికిందని చెప్పాడు. రికార్డులతో సరిపోయింది. యంత్రం రెండుసార్లు పలకాలంటే మూడు నిమిషాల దాకా గడిచి ఉండాలి. ఈ ఒక్క కేసుని నేను తేలిగ్గా తీసుకోను. ఛాతీ నొక్కుతున్నప్పుడు మెదడుకి కొంత రక్తం వెళ్తూనే ఉంటుంది, చెవులు పనిచేసి ఉండొచ్చు, అదే వివరణ కావచ్చు, కానీ "కావచ్చు" దగ్గరే ఆగాలి.

రెండో విడత ఫలితాలు 2023లో వచ్చాయి. ఈసారి బొమ్మలు చూపించే ట్యాబ్లెట్, చెవులకి హెడ్‌ఫోన్లు, అందులో యాపిల్, పేర్, అరటిపండు అని మూడు పళ్ళ పేర్లు, తలకి ఈఈజీ. 567 మందికి గుండె ఆగితే 53 మంది బతికారు, 28 మందితో మాట్లాడారు, బొమ్మని ఒక్కరూ చెప్పలేదు, పళ్ళ పేర్లని ఒక్కరు సరిగ్గా చెప్పారు. దీనికన్నా ఆశ్చర్యం ఏమిటంటే, కొందరి మెదడులో గుండె ఆగి అరగంట దాటాక కూడా, ఛాతీ నొక్కుతూ ఉండగా, దాదాపు మామూలు మనిషికుండే తరంగాలు కనిపించాయి. గుండె ఆగితే మెదడూ ఆగినట్టే అన్న పాత లెక్క అంత సూటిగా లేదన్నమాట. "మెదడు ఆగిపోయాక చూశాను" అనేవాళ్ళకి ఇది దెబ్బ, "మెదడు ఆగిపోయాక ఏం చూస్తావు" అని వెక్కిరించినవాళ్ళకీ దెబ్బే.

మెదడు వైపునుంచి ముక్కలు ముక్కలుగా చాలా వివరణలున్నాయి. యుద్ధవిమానాల పైలట్లని గిరగిరా తిప్పే యంత్రంలో కూర్చోబెట్టి తలకి రక్తం అందకుండా చేస్తే, ముందు చూపు అంచులనుంచి నల్లబడి సొరంగంలా మిగులుతుంది, తర్వాత కొద్ది సెకన్లు స్పృహ పోతుంది, ఆ సెకన్లలోనే కొందరు అందమైన చోట్లు, ఇంటివాళ్ళ మొహాలు చూస్తారు. జెనీవాలో 2002లో మూర్ఛ రోగి ఒకామె మెదడు కుడివైపు ఒక చోట కరెంటుతో తాకితే, పైనుంచి నన్ను నేను చూస్తున్నాను, కాళ్ళూ నడుమూ మాత్రమే కనిపిస్తున్నాయి అంది. తీసేస్తే మామూలే, మళ్ళీ తాకితే మళ్ళీ తేలింది. 2019లో రకరకాల మత్తుపదార్థాల మీద జనం రాసుకున్న 15,000 అనుభవాలని చావు అంచు అనుభవాలతో పోల్చి చూస్తే అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది కెటమిన్, ఆపరేషన్లలో మత్తుకి వాడే మందు. మిషిగన్ యూనివర్సిటీలో జీమో బోర్జిగిన్ బృందం 2013లో ఎలుకల గుండె ఆపి చూస్తే, తర్వాతి అర నిమిషంలో మెదడులో గామా తరంగాలు ఒక్కసారి ఎగసిపడ్డాయి, ఆరిపోయే ముందు దీపం భగ్గుమన్నట్టు. 2023లో వెంటిలేటర్ తీసేసిన నలుగురు రోగుల్లో ఇద్దరిలో అదే కనిపించింది. వాళ్ళు బతకలేదు కాబట్టి ఆ వేళ ఏం చూశారో అడిగే వీల్లేదు. ఇన్ని ముక్కలున్నా ఇవన్నీ కలిసి ఒక పూర్తి బొమ్మ అవ్వలేదు. సొరంగానికి ఒకటి, తేలడానికి ఒకటి, ప్రశాంతతకి ఇంకొకటి, కానీ ఒకే మనిషిలో ఇవన్నీ ఒక కథలా ఎందుకు అల్లుకుంటాయో, ఆ కథ మనిషిని జీవితాంతం ఎందుకు మార్చేస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేదు. లొమ్మెల్ ఎనిమిదేళ్ళ తర్వాత తన రోగుల్ని మళ్ళీ కలిస్తే, అనుభవం కలిగినవాళ్ళలో చావు భయం తక్కువగా, ఎదుటివాళ్ళ మీద అక్కర ఎక్కువగా అలాగే ఉన్నాయి. కెటమిన్ తీసుకున్నవాళ్ళందరూ అలా మారిపోరు కదా.

ఇక ఎవరేం చూస్తారన్నదాంట్లో పెంపకం ఎంత ఉందో చెప్పడానికి బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి చెందిన సత్వంత్ పస్రీచా, అమెరికాలో పనిచేసిన సైకియాట్రిస్టు ఇయాన్ స్టీవెన్సన్‌తో కలిసి 1986లో ప్రచురించిన అధ్యయనం చూడాలి. ఉత్తర భారతంలో 16 కేసులు. పాశ్చాత్యులకి సొరంగం, వెలుగు, చనిపోయిన బంధువు వచ్చి నీకింకా టైమ్ రాలేదని ప్రేమగా పంపేయడం కనిపిస్తే, మనవాళ్ళకి యమదూతలొచ్చి లాక్కెళ్ళడం, అక్కడ చిట్టా తిప్పి చూస్తే పేరు తప్పు, తీసుకురావాల్సింది ఇంకొకణ్ణి, వీణ్ణి దించిరండి అని చీవాట్లు! మనకి అక్కడ కూడా ఆఫీసే, అక్కడ కూడా క్లర్కు తప్పే. నవ్వొస్తుందిగానీ, ఇది రెండు పక్షాలకీ ఇబ్బందే. అక్కడున్నది ఒకే లోకమైతే వీసా చూసి వేషం మారుస్తుందా అని ఒకరడుగుతారు. లోపల జరిగేది ఒకటే, దానికి ఎవరి భాష వాళ్ళు తొడుగుతారు అని ఇంకొకరంటారు. నేను ఈ రెండో మాటకి దగ్గర, కానీ ఆ లోపల జరిగేది మెదడా, ఇంకేదైనానా అన్నది ఈ మాటతో తేలదు.

ఇంకో మాట చెప్పకపోతే లాభం లేదు. "చచ్చి బతికాడు" అంటాం, కానీ వెనక్కొచ్చినవాళ్ళెవరూ పూర్తిగా చావలేదు. గుండె ఆగడం చావులో మొదటి మెట్టు. మెదడు కణాలు స్విచ్ ఆపినట్టు ఆగవు, గంటల పాటు కొంచెం కొంచెంగా చెడిపోతాయి. 2019లో యేల్ యూనివర్సిటీ వాళ్ళు చంపి నాలుగు గంటలైన పందుల మెదళ్ళలోకి ప్రత్యేకమైన ద్రవాన్ని పంపిస్తే కణాలు కొన్ని పనులు తిరిగి మొదలుపెట్టాయి, స్పృహని సూచించే తరంగాలు మాత్రం రాలేదు. కాబట్టి ఈ అనుభవాలన్నీ గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళవి, గుమ్మం దాటినవాళ్ళవి కావు. గుమ్మంలోంచి కనిపించింది లోపలి గదా, గుమ్మానికి పట్టిన అద్దంలో మన ఇల్లేనా అన్నది ప్రశ్న.

మరి "ఆయనకి తెలియనిదా" సంగతేంటి? న్యూరోసర్జన్‌కి మెదడు బయటినుంచి తెలుసు, రోజూ చేత్తో తాకేవాడు. కానీ తన మెదడు జబ్బుపడ్డప్పుడు లోపల కూర్చుని చూసే సాక్షిగా ఆయనకీ మా మేనమామకీ తేడా లేదు. గుండె డాక్టరుకి గుండెపోటొస్తే తన ఈసీజీ తనకి లోపలినుంచి కనపడదు కదా. ఇదే ఇంకో వైపునుంచి చూడాలంటే ఏ. జె. అయర్ ఉన్నాడు. బ్రిటిష్ తత్వవేత్త, పేరుమోసిన నాస్తికుడు. 1988లో ఆస్పత్రిలో చేప ముక్క గొంతుకి అడ్డం పడి నాలుగు నిమిషాలు గుండె ఆగింది. లేచాక చెప్పాడు, భరించలేనంత ఎర్రటి వెలుగు చూశానని, అది విశ్వాన్ని నడిపిస్తోందని తనకి తెలిసిందని. చచ్చాక ఏమీ లేదన్న నా నమ్మకాన్ని ఇది కొంచెం కదిలించింది అని పేపర్లో రాశాడు. కొన్ని వారాలు కాగానే సవరణ: కదిలింది నమ్మకం కాదు, దాని విషయంలో నా మొండితనం. మరుసటి ఏడాది నిజంగానే పోయాడు. ఏదో ఒక వెలుగు చూసిన ఇద్దరు చదువుకున్నవాళ్ళు, ఒకాయన సర్జరీ వదిలి చైతన్యం గురించి ఉపన్యాసాలిచ్చుకుంటూ తిరుగుతున్నాడు, ఒకాయన నాస్తికుడిగానే పోయాడు. వెలుగు తేల్చలేదు, తేల్చుకున్నది వాళ్ళే.

మా మేనమామకి ఆ తర్వాత ఇవన్నీ నేనే చదివి వినిపించాను. అలెగ్జాండర్ వాదనలో తప్పెక్కడుందో నాకన్నా ముందు ఆయనే పట్టుకున్నాడు, లెక్కల మాస్టారు కదా. "రెండో స్టెప్పు నిరూపించలేదుగా" అన్నాడు. కానీ డిశ్చార్జ్ అయిన రోజు, ఆస్పత్రి బట్టలు విడిచి తన చొక్కా తొడుక్కుంటూ, మేం అటు తిరిగి మందుల చీటీలు సర్దుతున్నాం అనుకుని, పై జేబులో రెండు వేళ్ళు పెట్టి వెతుక్కున్నాడు. నేను చూశాను. ఏమైనా దొరికిందా అని అడగలేదు.